తరుగు

మిర్యాలగూడ అవతల, బైపాసు పక్కన
రైసుమిల్లు వేబ్రిడ్జి గదిల రాత్రి డ్యూటీ నాది.
లారీ ఎక్కితే అంకె వెలుగుతది, దిగితే సున్నా.
ఆ రెండింటి నడుమ దొరికిన టైముల
యంత్రానికి చదువు చెప్పే చదువు
నేర్చుకుంటున్న.

పుస్తకం నల్లగొండ క్లాక్ టవర్ కాడి జిరాక్సు.
నలభై ఏడో పేజీ రెండుసార్లొచ్చింది,
నలభై ఎనిమిది రానే లేదు.
వీడియోల మాస్టారుది తమిళ యాస ఇంగ్లీషు.
ఒకటిన్నర జీబీ అయిపోయిన కాడ
ఆయన చెయ్యి బోర్డు మీద అట్లనే ఆగిపోతది,
సగం గీసిన వంపుతోటి.
మిగతా సగం నేనే గీసుకుంట, చిట్టీల వెనక.

మాటలు మాత్రం నాకు కొత్తవి కావు.
వెయిట్స్ అన్నడు. రాత్రంత నేను చేసేది అదే గద.
బయాస్ అన్నడు. ఖాళీ కాటా మీద
పదిహేను కిలోలు చూపెట్టే మా పాత జబ్బు.
లాస్ అంటే తరుగు అని రాసుకున్న.
తరుగు తగ్గించుడే ఈ చదువంతా అన్నడు.
ఆ మాట మిల్లుల ఎవ్వరు అనంగ వినలే.

గ్రేడియంట్ డిసెంట్ నాకు చిన్నప్పుడే వచ్చు.
దేవరకొండ ఖిల్లా మీద పొద్దుగూకి
బ్యాటరీ లైటు పోయిన రాత్రి
పాదంతోటి తడుముకుంట, ఎటు వాలితే అటు
ఒక్కో అడుగు దిగిన.
తెల్లారి చూస్తే ఊరు ఇంకా కిందనే ఉన్నది,
నేను నడుమ ఒక గుంతల కూసున్న.
పుస్తకం ఆ గుంతకు కూడా పేరు పెట్టింది.

పదేండ్ల చిట్టీలు కంప్యూటర్ల ఎక్కించిన.
తేమ, తాలు, రాయి, రకం, బస్తాలు, బండి నెంబరు, ఊరు.
చివర బక్కయ్య కోసిన తరుగు.
బక్కయ్య గింజ పంటికింద పటుక్కుమనిపిస్తే
తేమ ఎంతో చెప్తడు. మీటరు తర్వాత చెప్తది.

మొదటి యంత్రం బట్టీ కొట్టింది.
చూసిన చిట్టీకి నూటికి నూరు,
చూడని చిట్టీకి నోరెళ్ళబెట్టింది.
ఆరో తరగతిల నేనే యాదికొచ్చిన.
కొన్ని చిట్టీలు దాచిపెట్టిన, పరీక్ష కోసం.
చెట్లు నాటిన, ఒకటి కాదు, మూడు వందలు.
ఒక్కోటి ఒక్కో ప్రశ్న కాడ కొమ్మ చీలింది,
ఆఖరికి అన్నీ కలిసి ఓటేసినయ్.
అప్పుడు చెప్పింది, క్వింటాకు పావుకిలో తేడాతోటి,
బక్కయ్య ఎంత కోస్తడో అంత.
సంబురంతోటి ఛాయ్ తెప్పించిన.

ఛాయ్ సల్లారంగ అడిగిన:
దేన్ని చూసి చెప్పినవ్?
వరుసగ చూపెట్టింది.
తేమ మూడోది. తాలు అయిదోది.
అన్నిటికన్న పైన
ఊరు.

ఊరు తీసేసిన. మళ్ళీ నడిపిన.
బండి నెంబరు పట్టుకున్నది.
అదీ తీసేస్తే బస్తాల లెక్క పట్టుకున్నది,
నలభై లోపు బస్తాలు, రాత్రి పది దాటినంక.
దారి మూస్తే దొడ్డిదారి.
తండాల ట్రాక్టర్లకు రెండు కిలోలు ఎక్కువ,
మోతుబరి లారీలకు తక్కువ,
తేమ ఒక్కతీరే ఉన్నా.

బక్కయ్యకు చూపెట్టిన.
అద్దాలు తుడుచుకొని చాలాసేపు చూసిండు.
"గిది నా చెయ్యే" అన్నడు.
"సేటు చెప్తె కోస్తున్న అనుకుంటి ఇన్నేండ్లు.
చెప్పకముందే కోసిన్నా ఏంది?"
యంత్రం జవాబియ్యలే.
చూసిందే తప్ప దాని తాన ఇంకేం లేదు.

దీని మీద ఒక పాఠం ఉండే ఉంటది,
నాకు రాని ఆ పేజీల.

నాలుగున్నర. కాటా మీద ట్రాక్టరు.
ఎర్రగుట్ట తండా ధీరావత్ సక్రు,
ముప్పై ఆరు బస్తాలు, తువ్వాల నిండ పొట్టు.
"తరుగెంత రాస్తున్నవ్?" అన్నడు,
అడగాలని కాదు, అలవాటుకు.
పదిహేడు దాటకుంటే కోత లేదని
గోడ మీద రాసే ఉన్నది, సున్నం కింద సగం.
తెర మీద యంత్రం అప్పటికే తన అంకె వేసింది.

బక్కయ్య గింజ తీసుకున్నడు. కొరకలే.
అరచేతుల పెట్టుకొని మీటరు దిక్కు వంగి
కొత్తగ అంకెలు నేర్చిన పిలగాని లెక్క
సక్రుకు వినపడేటట్టు చదివిండు:
పదహారు.