టికెట్టు జతచేయవలెను

ఉత్తరంలో చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను.
స్లీపరు చార్జీ, రానూపోనూ,
అసలు టికెట్టు జతచేసినచో తరువాత చెల్లించబడును.
తరువాత.
ముందు ఎవరిస్తారో రాయలేదు.

ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ,
మూడో ఛాంబరు, అమ్మోనియా వాల్వు పక్కన
స్వెట్టరు జేబులోంచి చీటీ తీసి లెక్క వేశాను.
రైలుకింత. అక్కడ ఒక రాత్రికింత.
చొక్కా ఉంది. బూట్లు మా బావవి,
అరంగుళం పెద్దవి, ముందు పేపరు కుక్కితే సరిపోతాయి.
ఉన్నది నాలుగొందల ముప్పై.

అడ్వాన్సు అడుగుదామని గుమాస్తా దాకా వెళ్ళి
"రెండో మోటారు శబ్దం మారిందండీ" అని చెప్పి వచ్చేశాను.
ఈ పని మానుకోవడానికి
ఈ పనిలోనే అప్పెలా అడగను?

యార్డు గేటు ముందు గాలిసైదులు తాడు బిగిస్తూ అన్నాడు:
"నాగపూరేగా? రేపు కలమ్నా మార్కెట్టుకి తేజా లోడు.
బస్తాల మీద పడుకుంటానంటే ఎక్కు.
తుమ్ములకి మాత్రం నా పూచీ లేదు."

పిడుగురాళ్ళ దగ్గర సున్నం వాసన.
మిర్యాలగూడ దాకా కళ్ళల్లో నీళ్ళు,
ఎవరన్నా చూస్తే ఊరు వదులుతున్నందుకు అనుకుందురు.
టార్చి పళ్ళ మధ్య పట్టుకుని చదివాను:
కంప్రెసరు వేడెక్కుటకు కారణాలు ఐదు.
నిర్మల్ ఘాట్ మలుపుల్లో
ఐదోది గాలికి ఎటో పోయింది.

ఆదిలాబాదు దాటాక
బోర్డుల మీద అక్షరాలు తలకట్లు మానేసి
అన్నీ ఒకే గీతకి వేలాడుతున్నాయి,
ఆరేసిన బట్టల్లాగా.
టీ కొట్టు దగ్గర నేను జేబు తడుముకునేలోపే
సైదులన్న డబ్బులిచ్చేశాడు.
చీటీ వెనక రాసుకున్నాను:
మూడు టీలు, ఒక పప్పన్నం. నూట డెబ్భై.

పెట్రోలు బంకు పంపు కింద తల పెట్టి,
చొక్కా మార్చి, వెళ్ళి కూర్చున్నాను.
లోపల పెద్దాయన నా సర్టిఫికెట్లు తిరగేస్తూ
రెండుసార్లు తుమ్మాడు.
"ఏ ఊరు?"
"గుంటూరండీ."
"తెలుస్తోంది," అన్నాడు.
కారణాలు నాలుగు చెప్పాను.
ఐదోదానికి ఆగి చూశాడు. నేనూ చూశాను.

బయట కౌంటరులో టికెట్టు అడిగారు.
లేదన్నాను.
తెల్లకాగితం తోసి, గొంతు తగ్గించి, హిందీలో:
"బస్సని రాయి. పదకొండొందల దాకా రాసుకో.
అందరూ అదే రాస్తారు."

పదకొండొందలు.
బూట్లో పేపరు మెత్తగా నలిగింది.
తిరుగు రైలు, సైదులన్న బాకీ,
ఇంకా మిగిలితే బావకి పాలిష్ డబ్బా,
అన్నీ ఆ ఒక్క అంకెలో పడతాయి.

రాశాను.
వాహనం: లారీ.
తరగతి: పైన.
చార్జీ: లేదు.
ఇతర ఖర్చులు: నూట డెబ్భై, ఇంకా ఇవ్వవలెను.

నిజాయితీ అనుకోకండి.
గుంటూరు నుంచి నాగపూరుకి బస్సు ఉందో లేదో,
ఉంటే ఎంతో, నాకు తెలీదు.
తప్పు అంకె వేసి పట్టుబడతానని భయం.

ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు.
"పైన అనే తరగతి మా లిస్టులో లేదు," అన్నాడు.
కాగితాన్ని ఫైల్లో పెట్టలేదు, చించలేదు.
మడిచి జేబులో పెట్టుకున్నాడు.
ఎందుకో ఇప్పటికీ అర్థం కాలేదు.

రెండు రోజులు కలమ్నాలో ఖాళీ గోతాల మీద పడుకుని
కమలాల లోడుతో బయల్దేరాం.
ఈసారి పైన పడుకోవడానికి లేదు, కాయ నలుగుతుంది.
క్యాబిన్లో క్లీనరు కాళ్ళ దగ్గర ముడుచుకున్నాను.
హింగన్‌ఘాట్ దాటుతుండగా, అడక్కుండానే,
ఐదో కారణం గుర్తొచ్చింది:
కండెన్సరులో దుమ్ము.
గట్టిగా చెప్పాను. సైదులన్న హారన్ కొట్టాడు,
నాకోసం కాదు, గేదె కోసం.

ఫలితం ఉత్తరంలో తెలియజేస్తామన్నారు.
అది వచ్చిన రోజున
చివరి వాక్యం నుంచి పైకి చదువుతాను.