నలభై ఒకటి

పుంగనూరులో చీకటుండంగానే
నలభై ఒక్కరిని లెక్కపెట్టి బస్సెక్కించినాను.
అలిపిరి కాడ నలభై ఒకటి.
కపిలతీర్థంలో, తడిసిన నిక్కర్లతో సహా, నలభై ఒకటి.
గోవిందరాజుల గోపురం కింద
పిల్లకాయలంతా తలెత్తి చూస్తా ఉంటే
నేను మాత్రం తలలే చూసినాను.

చంద్రగిరి కోటలో నలభై.

రాజమహల్లో కర్రముక్కే వాడలేదంట,
అంతా రాయీ ఇటుకా సున్నమేనంట.
గైడు మాటలు ఒక్కటీ చెవికెక్కలేదు.
మెట్లెక్కి, మెట్లు దిగి
"ఒరే రెడ్డెప్పా!" అని అరిస్తే
మహలే రెండుసార్లు పలికింది.

వెనకపక్క, పగిలిన గోడ కాడ ఉండాడు వాడు.
మరమ్మతు మేస్త్రీ పక్కన గొంతుక్కూర్చోని
పచ్చి గారను బొటనవేలితో నొక్కి చూస్తా.
"ఇసక ఎక్కువైంది సార్,
మా నాయినైతే ఒప్పుకోడు."

మేస్త్రీ నవ్వలేదు.
ఇంకో గంపెడు సున్నం తెమ్మన్నాడు.

తిట్టేదానికి తెరిచిన నోట్లో
ఏం మాట ఉండిందో ఇప్పుడు గుర్తు లేదు.
నేనూ వంగి, వేలు పెట్టి చూసినాను.
చల్లగా ఉండాది.

పాకాల దాటినాక, టమోటా లారీల వెనక,
నిద్దరపోయే తలల్ని మళ్లా లెక్కేస్తే
నలభై రెండొచ్చింది.
నన్నూ కలుపుకున్నట్టుండాను.