సిద్ధప్ప కట్టిండు

మార్చి నెల. నారాయణపేట.
పొద్దున ఆరింటికే పద్నాలుగో వార్డు గ్రూపుల
నా మొదటి పోస్టు:
"ఇంటి పన్ను కట్టుండ్రి, మన ఊరిని మనమే నిలబెట్టుకుందాం."
కింద ఒక చీపురు బొమ్మ, ఒక నల్లా బొమ్మ,
నవ్వుతున్న కమిషనర్.

జవాబులు వస్తయి.
రెండు దండాలు.
ఎవరిదో గులాబీ పువ్వు, శుభోదయం అని.
సాలెగేరి మలుపు కాడ పొంగుతున్న మోరీ ఫోటో,
"దీనికెంత కట్టాలె మేడం?"
దానికి పదిహేడు బొటనవేళ్లు.
నా పోస్టుకు నాలుగు,
అందుల ఒకటి మా ఇంటాయనది.

ఇదివరకు గల్లీ గల్లీ తిరిగేదాన్ని
రసీదు బుక్కు సంకల పెట్టుకొని.
మగ్గాల సప్పుడుకు నా గొంతు ఆనేది కాదు.
"ఆయన ఇంట్ల లేడు" అనేటోళ్లు తలుపు సందుల నుంచి,
ఆయన మగ్గం గుంతల వంగి కూసున్నది కనపడుతుండంగనే.
ఇప్పుడు ఎవరూ లేరనరు.
రెండు నీలం టిక్కులు పడ్తయి. అంతే.

బకాయిలోళ్ల పేర్లు పెట్టమని పైనుంచి చెప్పిండ్రు.
నాకు బుద్ధి కాలే.
కట్టినోళ్ల పేర్లే పెట్టిన, చప్పట్లు జోడించి:
"గడ్డం సిద్ధప్ప, ఇంటి నంబరు 4-71,
వెయ్యిన్ని ఎనభై రూపాయలు. అభినందనలు!"

"సిద్ధప్ప పోయి ఆరేండ్లాయె గద మేడం,
పైనుంచి ఫోన్ పే కొట్టిండా?"
ఇగ వరుసగ నవ్వు మొఖాలు.

తుడిపేద్దామని వేలు పెట్టిన్నో లేదో
వాయిస్ మెసేజ్ ఒకటి.
మొదలు పది సెకండ్లు ఉత్త మగ్గం సప్పుడే.
తర్వాత ఈరమ్మ:

"కట్టింది నేనే బిడ్డా.
పేరు మార్చుకొమ్మని మూడేండ్ల సంది చెప్తనే ఉన్నవు.
రేషన్ కార్డుల తీసేసిండ్రు.
ఓట్ల లిస్టుల కొట్టేసిండ్రు.
సంఘం పుస్తకంల ఎర్రగీత గీసిండ్రు.
పన్నడిగేటోళ్లే ఇంకా ఆయన్ను
పేరు పెట్టి పిలుస్తున్నరు.
ఆ అభినందనలు అన్నది ఇంకోసారి పెట్టు,
నవ్వులల్ల మీదికి పోయిందంట,
మనవడు ఎతికితే దొరుకుతలేదు."

మళ్ల పెట్టిన.
ఈసారి చీపురు లేదు, కమిషనర్ లేడు.
రిజిస్టర్ల పేరు మార్పిడి గడిల
పెండింగ్ అని కొట్టిన, నాలుగో యేడు.

మోరీ ఫోటో ఇంజనీరు సారుకు పంపిన.
ఒకటే టిక్కు పడ్డది.