ఊర్ల పేర్ల డబ్బాలు

హన్మకొండ నుంచి ఆదిలాబాద్‌కు కిరాయి అంటే
అందరు కిలోమీటర్లు లెక్కవెడ్తరు.
మా ఇంట్ల డబ్బాలు లెక్కవెడ్తరు.

పొద్దుగాల నాలుగింటికి నేను బండి అద్దం తుడుస్తుంటే
కనకలక్ష్మి సంచి తెచ్చి పక్క సీట్ల వెడ్తది,
మనిషిని కూసోవెట్టినట్టు.
బడిల రెండొందల పదిమందికి వండే చెయ్యి,
నా ఒక్కనికి కొలుసుడే కష్టమంటది.
మూతల మీద తెల్ల టేపు.
టేపు మీద ఊరి పేరు.

"గంట చూసి తినుమంటే
నువ్వు గడియారాన్ని మోసం జేస్తవు.
ఊర్లను ఎట్ల జేస్తవ్?
అవి నీకంటే ముందే ఆడ నిలవడి ఉంటయ్."

కరీంనగర్ దాటి ఎన్నడు పోని మనిషి.
"ఏడున్నవ్?" అని ఫోన్ల అడిగి అడిగి
తొవ్వంతా నేర్చుకున్నది.

ఇరవై ఆరేండ్లు దాబాలల్ల తిన్న.
గిరాకి తెచ్చిన డ్రైవర్‌కు బిల్లు ఉండదు:
పూరీలు, కోడికూర, మూడు చెంచాల చక్కెర చాయ్.
మాఫీ తిండే గద అనుకున్న.
పద్దు పేగులు రాసుకున్నయి.
మొన్నటి ఎండకాలం, మానేరు కట్ట కాడ,
బ్రేక్ తొక్కిన్నో లేదో
కాలును అడగవలసొచ్చింది.
కాలు జవాబియ్యలే.
బండి ఆగింది, నిజమే.
నేను మాత్రం ఆ దినం ఆగలే, రాత్రంతా వణికిన.

ఇయ్యాల కిరాయి సారు వేణుమాధవ్,
బోర్లకు మోటర్లు అమ్ముతడట.
హుజూరాబాద్‌ల నేను జొన్నరొట్టె టమాట తొక్కుల అద్దుకుంటుంటే
ఆయన సమోసాలు తెప్పిచ్చుకున్నడు.
జగిత్యాలల మిర్చిబజ్జి, దాని మీద కూల్‌డ్రింక్.
కోరుట్ల వచ్చేసరికి ఛాతి రుద్దుకుంట
"ఏందయ్యా ఓదేలూ, డబ్బాల మీద ఊర్లేంది? పార్సిళ్లా?"
"ఔ సార్. అడ్రస్ నా కడుపు."

మెట్‌పల్లి దాటినంక రోడ్డు సగం మక్కలకు, సగం మాకు.
పచ్చని మక్కలు ఎండవోసి
ఒక ముసలమ్మ కాళ్లతోటి తిరగేస్తున్నది, నాట్యం లెక్క.
బండి మెల్లగ జేసిన.
మెట్‌పల్లి డబ్బా తీస్తే బొబ్బెర్ల గుడాలు,
సన్నగ తరిగిన ఉల్లిగడ్డ, నిమ్మకాయ ముక్క వేరే పొట్లంల.
వాసనకు సారు ఫోన్ కింద వెట్టిండు.
నేను అడగలే. ఆయన అడగలే.
డబ్బా మూత మాత్రం
రెండు సీట్ల నడుమ పళ్లెమైంది.
సోన్ కాడ గోదావరి మీదికెక్కంగ
ఆయన కిటికీ దించి, చిన్నగ, "సల్ల ఉన్నదా?" అన్నడు.
ఉన్నది. దాని పేరు నిర్మల్.
ఒక ఊరు ముందే తాగిచ్చిన.
ఆమెకు చెప్పలే.

ఘాట్ ఎక్కి దిగినంక ఇచ్చోడ.
ఆ డబ్బా చేతికి తేలిగ్గ తగిలింది.
మరిసిందా? అలిగిందా?
మూత తీస్తే లోపట మడత వెట్టిన కాయితం,
పిల్లల హాజరు పుస్తకంల చింపింది:
"దిగు. పది నిమిషాలు నడువు."

దిగిన.
పత్తి చేన్ల పొంటి, నల్లరేగడి అంచున, లారీల గాలికి అంగి ఉబ్బుకుంట.
సారు బండ్ల నిద్రవోతున్నడు, నోరు తెరిసి.
వంద అడుగులు గూడ వెయ్యలే,
కుడి చెప్పుల ఒక ఇసుక రాయి దూరింది.
కుచ్చుకున్నది.
ఆగిన. ఇంకొక్క అడుగేసిన, కావాలనే.
మళ్ల కుచ్చుకున్నది.
నా కాలు నాతోటి మాట్లాడి ఎన్నొద్దులాయె!

రాయి తియ్యకుంటనే వెనుకకు నడిచిన.
ఫోన్ మోగింది.
వెనుక రెండొందల పది పళ్లాల చప్పుడు.
"ఇచ్చోడ తిన్నవా?"
"తిన్న" అన్న.