నాలుగో పిలుపు

కాలేజీ వరండాలో ఐదు ఫొటోలు.
ఫుట్‌బాల్, హాకీ, వాలీబాల్, చెడుగుడు, పరుగుపందేలు.
యాభై ఒకటి, యాభై రెండు.
ఐదింట్లోనూ వెనక వరసలో చివర
ఒకడే మనిషి, ఒకటే నిక్కరు.
కుర్చీల్లో కూర్చున్నవాళ్ల పేర్లు అచ్చులో మిగిలాయి.
నిలబడ్డవాడి పేరును చెదలు తిన్నాయి.

నేను చెబుతాను. కొల్లాటి పెంటయ్య.
మా డ్రిల్లు మాస్టారు.
బియ్యపుతిప్ప మనిషి.
నాన్న నావ నెట్టే గెడతో పంటకాలవలు దూకి దూకి,
దాన్నే పోల్‌వాల్ట్ అంటారని
నర్సాపురం కాలేజీకొచ్చాక తెలుసుకున్నాడట.

వాల్తేరు పోటీల సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తలేదు.
వాళ్ల గోల్‌కీపరు చెప్పాడు,
తర్వాత పాలకొల్లులో కొబ్బరి వ్యాపారం చేసినాయన.
ఒకే సాయంత్రం అటు ఫుట్‌బాల్ ఫైనలు, ఇటు గెడ దూకుడు.
హాఫ్‌టైములో బూట్లతోనే పరిగెత్తి
పదడుగులు దూకి
ఇసక దులుపుకోకుండా వెనక్కొచ్చాడు.
రెండో విడత పిలిచేసరికి
మైదానం మూల బంతి నిలబెడుతున్నాడు.
గాలి ఎదురు.
కొల్లాటి. కొల్లాటి. కొల్లాటి.
కాగితం మీద గైర్హాజరు.
బంతేమో గోలుకొయ్యకు తగిలి
బయటికి పోయింది.

ఆషాఢంలో మా గ్రౌండు మడుగయ్యేది.
కాలవగట్టు మీద పరిగెత్తించేవాడు.
జారి పడితే, "ఏం పర్లేదెహె, నీళ్లే కదా!"
ఈలలో గుండు పోతే కందిగింజ వేసుకున్నాడు.
ఓ ముసురులో అది నాని ఉబ్బి ఈల మూగబోయింది.
ఆ పూట ఆటంతా చప్పట్లతో నడిపాడు.

నేను ఏ ఆటకీ పనికొచ్చేవాణ్ణి కాదు.
ఆ మాట అనకుండా సున్నం డబ్బా చేతికిచ్చాడు.
మూడేళ్లు గీతలు గీశాను.
వంకరపోతే కాలితో చెరిపి
"గోదారే ఇక్కడ తిన్నగా పోదు కదరా" అని
మళ్లీ గీయించేవాడు.

హాజరు దగ్గరే మాకు నవ్వొచ్చేది.
మూడుసార్లకి పలక్కపోతే సున్నా చుట్టాలి, రూలు.
ఆయన కలం మూసేవాడు.
గేటు వైపు చూసేవాడు. గేటవతల రోడ్డు వైపు.
అప్పుడు నాలుగోసారి
నెమ్మదిగా, ఇంటిపేరుతో సహా.
చాలాసార్లు ఎవరూ వచ్చేవారు కాదు.
ఓసారి ఒకడొచ్చాడు, తడిబట్టలతో,
చేతులకింకా రొయ్యల వాసన.

ఎనభయ్యారు వరదలో ఆయన సర్టిఫికెట్లన్నీ పోయాయి.
అయ్యో అంటే,
"ఈత నేర్చుకోలేదవి" అన్నాడు.

మాధవాయిపాలెం రేవులో పంటు టిక్కెట్లు కోస్తాను నేను.
సఖినేటిపల్లి, సఖినేటిపల్లి, సఖినేటిపల్లి!
ఇంజను దడదడలాడుతుంది. సరంగు విసుక్కుంటాడు.
తాడు నా చేతిలోనే ఉంటుంది.
గట్టు మీద అరటిగెలల లారీ వెనక
చెప్పులు చేత్తో పట్టుకుని
ఎవరో వస్తున్నట్టే ఉంటుంది.

ఉండవయ్యా.
ఇంకోసారి పిలవనీ.