రెండో వైపు, మూడోది

అట్ట వెనక అచ్చేసిన మాట:
ఆమ్‌స్టర్‌డాం, 1963 మే, రెండు రోజులు.
ఏడాది ఒక్కటే నిజం.

మేలో ఏ ఊళ్ళోనూ స్టవ్ రాజెయ్యరు.
హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి,
మొదటి వైపు, నాట్యానికీ నాట్యానికీ మధ్య
ఎవరూ ఊపిరి తియ్యని నాలుగు సెకన్లలో
బొగ్గు చిటపటమంటుంది.

పదకొండేళ్ళుగా రేడియో నేలమాళిగలో నా పని ఇదే,
రికార్డులకు పుట్టినరోజులు వెతకడం.
మనుషులకైతే చర్చి రిజిస్టర్లుంటాయి.
వీటికి ఇన్‌వాయిసులు.

ఒకటి దొరికింది.
ఫ్రీస్‌లాండ్‌లో ఏదో పల్లె, పేరు సగం ఎలక తినేసింది.
చర్చి అద్దె, నాలుగు రాత్రులకు.
బొగ్గు, రెండు బస్తాలు.
గడియారం ఆపినందుకు గంటలు కొట్టేవాడికి ఆరు గిల్డర్లు.
నెల జనవరి,
కాలవల మీద లారీలు నడిచిన జనవరి.
పగలంతా ఆ లారీల మోతే, పాల డబ్బాలతో.
అందుకే రాత్రులు.

హార్ప్సికార్డ్ పియానోలా కొట్టదు, మీటుతుంది.
ఒక్కో మెట్టు వెనకా ఒక కాకి ఈక మొన,
గోటిలో నాలుగో వంతు,
తీగను గిల్లి వదిలేస్తుంది.
గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా ఒకటే పలుకు.
కోపాన్నైనా దయనైనా
ఆలస్యంతో తప్ప చెప్పలేని వాద్యం.

అల్బెర్తీన వాన్ డ్రూటెన్ ఆలస్యం నాకు కంఠతా వచ్చు.
గుమ్మంలో ఆగి
సంచిలో తాళంచెవి తడుముకునే మనిషి ఆలస్యం అది.
రెండో వైపు మూడోదాంట్లో ఉన్నది వేరు,
బురదలోంచి బూటు లాక్కుంటున్నవాడిది.
పైగా శ్రుతి వెంట్రుకవాసి ఎక్కువ.

శ్రుతి చేసిన సీబ్రెన్ హోఫ్‌స్ట్రా పోయి చాలాకాలమైంది.
వాళ్ళమ్మాయి ఫ్రౌకె కాఫీ పోసింది,
ఒక్క బిస్కెట్టు ఇచ్చి డబ్బా మూత పెట్టేసింది,
నాన్న నోటుపుస్తకం తెచ్చింది.

మూడో రాత్రి, పెన్సిలు రాత:
"బొగ్గు అయిపోయింది. తీగలు బిగుసుకున్నాయి.
ఆవిడ వేళ్ళు పగిలి మెట్ల మీద నెత్తురు.
తుడిచాను. దుప్పటి కప్పాను.
నేను ఒకసారి."

అంతే.
కర్త ఉంది, క్రియ లేదు.

మీ నాన్న వాయించేవారా, అన్నాను.
"శ్రుతి సరిచూడాలంటే ఏదో ఒకటి వాయించాలిగా"
అంది, కిటికీలోంచి గొర్రెల్ని లెక్కపెడుతూ.
డబ్బులేమైనా ఇచ్చారా, పేరేమైనా వేస్తామన్నారా?
లేదు.
వెళ్ళొస్తానని కోటు వేసుకుంటుంటే అప్పుడంది:
"ఏటా జనవరిలో రెండు బస్తాల బొగ్గు వచ్చేది.
పంపినవాళ్ళ పేరుండేది కాదు.
ఇంటికి గ్యాసు వచ్చాక కూడా ఆగలేదు.
ఎవరో లెక్క పొరపాటు చేస్తున్నారనేది అమ్మ.
నాన్న ఏమీ అనేవాడు కాదు."

షెడ్డు చూపించింది.
సైకిళ్ళ వెనక, నడుమెత్తున,
ఎవరూ కాల్చని బొగ్గు.
ఒక ముక్క తీసి చూసి మళ్ళీ అక్కడే పెట్టాను.

తిరుగు రైల్లో కేటలాగు కార్డు తీశాను.
ఊరు దిద్దాను. నెల దిద్దాను.
రెండు రోజులు కొట్టేసి నాలుగు రాత్రులు చేశాను.
వాద్యకారుల గడి దగ్గర
టికెట్ల మనిషి వచ్చాడు,
తర్వాత నిద్ర వచ్చింది.
దిగేటప్పుడు చూస్తే
ఆ గడిలో, ఆమె పేరు పక్కనే,
నా బొటనవేలి మసి.
రబ్బరు బ్యాగులోనే ఉంది.
తియ్యలేదు.