అడుగులేని పెట్టె

ఓస్ట్రావాలో, ఎనిమిదో అంతస్తులో,
రాత్రి పదకొండు దాటాక
నేనొక ఉక్కు కర్మాగారం కడుతున్నాను.
పక్కగదిలో మనవరాలు రదానా నిద్రపోయింది.
పడుకోబోతూ ఆటలో ఏదో మీట మార్చి వెళ్లింది.
"ఇక నీకు ఇనుము అయిపోదు తాతా, రాగీ అయిపోదు.
కరెంటుకి బొగ్గు అక్కర్లేదు.
నీ ఇష్టం, కట్టుకో."

నా ఇష్టం!
ముప్పై ఒక్క ఏళ్లు సరఫరా విభాగంలో ఉన్నవాణ్ణి,
ఆ రెండు మాటలూ నాతో అన్నవాళ్లు లేరు.

మా రోజుల్లో కర్మాగారమంటే లేనివాటి జాబితా.
బేరింగులు లేవు. రబ్బరు పట్టీలు లేవు.
చలికాలం చేతితొడుగులు మే నెలలో వచ్చేవి,
అన్నీ ఎడమచేతివే.
రిజిస్టర్లకు మాత్రం ఎప్పుడూ లోటు లేదు,
ఏది లేదో రాసుకోవాలి కదా.
అడగనిదే అమ్మయినా పెట్టదంటారు.
నేను అడిగేవాణ్ణి.
టెలిఫోనులో అడిగేవాణ్ణి, రైలెక్కి వెళ్లి అడిగేవాణ్ణి,
సంచిలో రెండు సీసాల ప్లం సారా వేసుకుని మరీ అడిగేవాణ్ణి.
ఎనభై మూడులో
ఒక్క బేరింగు కోసం పదకొండు వారాలు.
రోలింగు మిల్లులో మూడో లైను పడకేసింది.
చివరికి జిలినాలో ఇమ్రిఖ్ అనే గిడ్డంగి గుమాస్తా
తన పాత ఊలు స్వెట్టరులో చుట్టి పంపాడు.
పెట్టె విప్పితే ముందు గ్రీజు వాసన,
తర్వాత గొర్రె వాసన.
మా ఫోర్‌మన్ దాన్ని రెండు చేతులా అందుకుని
కాసేపు ఎవరికీ ఇవ్వలేదు.

ఇప్పుడు ఈ పెట్టెకు అడుగు లేదు.
పేరు రాస్తే చాలు, ఆ వస్తువు వస్తూనే ఉంటుంది.
ఎక్కువైనదాన్ని మింగేసే ఇంకో పెట్టె కూడా ఉంది,
ఎంత పోసినా నిండదు.
దాన్ని మేము ఎగుమతి అనేవాళ్లం.

మొదటి రాత్రి నలభై కొలుములు కట్టాను.
ఒకటి కట్టి, మిగతా ముప్పై తొమ్మిదీ అచ్చుగుద్దాను.
వంకర పోతే ఒక్క నొక్కు, అంతా వెనక్కి.
ఎవరి సంతకమూ లేదు, ఎవరి జీతమూ కోతపడలేదు.
రెండో రాత్రి సరస్సు మీద కన్వేయరు బెల్టులు వేశాను.
నీళ్లకు అభ్యంతరం లేదు.
మూడో రాత్రి ఎక్కడికీ పోని రైలుదారి,
ఊరికే, మలుపు అందంగా ఉందని.

నిన్న రదానా మ్యాపంతా తిప్పి చూసి
ఒక మూలన ఆగింది.
"ఇదేంటి?"
గిడ్డంగి.
"లోపల?"
నాలుగు వందల బేరింగులు.
"తాతా, ఇవి అయిపోవు. ఎందుకు దాచావు?"
అవసరానికి ఉంటాయని.
ఆ నవ్వు ఇంకా ఆపలేదు ఆ పిల్ల,
పొద్దున రొట్టె తింటూ కూడా నవ్వింది.

కిటికీలోంచి అసలు బ్లాస్ట్ ఫర్నేసు కనిపిస్తుంది.
దానికిప్పుడు నీలం దీపాలు పెట్టారు,
పైకెక్కితే కాఫీ అమ్ముతారు.
నేను ఎక్కలేదు. మోకాళ్ల వల్ల అని చెబుతుంటాను.

ఈ రాత్రి పెద్దగా ఏమీ కట్టలేదు.
మ్యాపు తూర్పు కొసన గిడ్డంగి,
పడమటి కొసన ఒకే ఒక్క యంత్రం.
నడుమ ఒకే బెల్టు,
అన్నిటికంటే నెమ్మదిగా నడిచే రకం.
రదానా చూస్తే తిడుతుంది,
వేగంగా పోయేవి ఊరికే వస్తుంటే ఇదెందుకని.
గిడ్డంగిలోంచి ఒక బేరింగు తీసి దాని మీద పెట్టాను.
ఒక్కటే.
లెక్క ప్రకారం నలభై నిమిషాలు.
యంత్రం ఆగి ఉంది, దాని మీద ఎర్రదీపం వెలుగుతోంది.
ఎడారి దాటింది.
అడవిలోకి వెళ్లాక చెట్లకింద కనబడటం లేదు.

టీకి నీళ్లు పెట్టుకుంటాను.
వచ్చేసరికి మరుగుతాయి.